పట్టాల క్రింద నిద్రించినవారు

మా ఇంట ఒక పేరు ఉంది గాని దానికి సమాధి లేదు. అది మా పెదతాతగారి పేరు. 1936లో శ్రీకాకుళం ప్రాంతంలోని మా పల్లె నుంచి ఆయన మలయా దేశపు రబ్బరు తోటల్లో కూలికి ఓడ ఎక్కారు. ఏడాదికి రెండు ఉత్తరాలు వచ్చేవి. 1941 చివర వచ్చిన ఉత్తరమే ఆఖరిది. యుద్ధం ముగిశాక, 1946లో, అదే తోటలో పనిచేసిన పొరుగూరి మనిషి ఒకాయన తిరిగి వచ్చి మా వాళ్ళకు నాలుగు మాటలు చెప్పాడు. "జపాను వాళ్ళు వచ్చి సయాంలో రైలు కట్ట పని, మూడు నెలలే, రోజుకు డాలరు అన్నారు. లారీ ఎక్కించుకు పోయారు. నేను జ్వరంతో పడి ఉండి తప్పించుకున్నాను. మీవాడు మళ్ళీ రాలేదు."

అంతే. ప్రతి సంవత్సరం సమాధుల పండుగనాడు ఊరంతా సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, మా ముసలమ్మ ఒకరు గోడ పక్కన వట్టి నేల మీద ఒక కొవ్వొత్తి ఎక్కువగా వెలిగించేవారు. అది ఎవరికని పిల్లలం అడిగితే "రైలు కట్టకు పోయినవాడికి" అనేవారు.

మేమిద్దరం ఇప్పుడు పదవీ విరమణ చేసినవాళ్ళం. ఒకరం ముప్పయి ఏళ్ళు రైల్వేలో పట్టాల మరమ్మతు గ్యాంగులతో తిరిగాము, మరొకరం బడిలో పాఠాలు చెప్పాము. మా అల్లుడు ఉద్యోగరీత్యా బ్యాంకాకులో ఉంటున్నాడు. వాళ్ళను చూడడానికి వెళ్ళినప్పుడు, ఆ రైలు కట్టను కళ్ళారా చూసి రావాలని నిశ్చయించుకున్నాము.

థొన్‌బురి స్టేషనులో

బ్యాంకాకులో నదికి అవతలి ఒడ్డున థొన్‌బురి అనే చిన్న స్టేషను ఉంది. ఉదయం అక్కడి నుంచి నామ్ తోక్‌కు బండి బయలుదేరుతుంది. అన్నీ మూడో తరగతి పెట్టెలే. కిటికీలు తీసి ఉంటాయి, పైన ఫ్యాన్లు తిరుగుతుంటాయి. విదేశీయులకు టిక్కెట్టు వంద భాట్లు. పక్క బల్ల మీద కూరగాయల బుట్టలతో ఒక పల్లెటూరి అమ్మ కూర్చుంది. మమ్మల్ని చూసి నవ్వి, రెండు అరటిపండ్లు చేతిలో పెట్టింది. ఆమె భాష మాకు రాదు, మా భాష ఆమెకు రాదు.

బండి కదిలాక, రైల్వేలో పనిచేసిన చూపు మొదట పట్టాల వెడల్పు మీదకే పోయింది. మీటర్ గేజి. ఒకప్పుడు మన గుంటూరు, గుంతకల్లు మధ్య నడిచిన గేజే. బర్మాలోనూ, మలయాలోనూ, సయాంలోనూ అదే గేజి. ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు ఒక దేశం నుంచి పీకి ఇంకో దేశంలో వేసుకోవచ్చు. ఈ కథంతా ఆ సౌకర్యం మీదే నడిచింది. మలయాలో గెమాస్ నుంచి తూర్పు తీరానికి వెళ్ళే లైను పట్టాలను చాలా దూరం ఊడదీసి ఇక్కడికి తెచ్చారు. జావా నుంచి వంతెన ఇనుము తెచ్చారు.

సైనికుల రైల్వే అంటే

రైల్వేవాళ్ళంటే మనకు గార్డు, డ్రైవరు, గ్యాంగుమన్ను గుర్తొస్తారు. తుపాకి గుర్తుకు రాదు. అయితే యుద్ధాలలో రైల్వే దళాలనే ప్రత్యేక సైన్యం నూట అరవై ఏళ్ళకు పైగా ఉంది.

అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో, ఉత్తరాది ప్రభుత్వం సైనిక రైల్వే శాఖను పెట్టింది. హెర్మన్ హాప్ట్ అనే ఇంజనీరు, రైలు పని తెలియని సిపాయిలతోనే, అడవి కలప నరికించి పొటోమాక్ క్రీక్ అనే వాగు మీద నాలుగు వందల అడుగుల పొడవున్న వంతెనను రెండు వారాల లోపే లేపాడు. ఆ సంగతి ఐరోపా రాజ్యాలన్నీ గమనించాయి. ప్రష్యా సైన్యం తనకూ రైల్వే దళాలను ఏర్పరచుకుంది. ఇంగ్లండు సైన్యంలో 1882లో ఇంజనీర్ల దళంలో రైల్వే కంపెనీ ఏర్పడింది. ఆ దళపు ఇంజనీర్ల ఆధ్వర్యంలోనే 1897లో సూడాను ఎడారి మీదుగా పట్టాలు వేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి కూడా ఇంజన్లు, పట్టాలు, రైల్వే పనివాళ్ళు మెసొపొటేమియాకు వెళ్ళారు.

జపాను సైన్యం 1896లో తన రైల్వే దళాన్ని ప్రారంభించింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి దానికి అనేక రైల్వే రెజిమెంట్లు ఉన్నాయి. ఒక్కొక్క రెజిమెంటులో సుమారు రెండున్నర వేలమంది. వారిలో చాలామంది యుద్ధానికి ముందు మామూలు రైలు పనివాళ్ళే. సర్వే చేసేవారు, వంతెన కట్టేవారు, పట్టాలు పరిచేవారు, ఇంజను నడిపేవారు. మాలో ఒకరం ముప్పయి ఏళ్ళు చేసిన పనులే అవి. ఈ మాట మా మనసును ప్రయాణమంతా తొలిచింది.

ఎందుకు కట్టారు?

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైంది. తర్వాత రంగూను కూడా పడిపోయింది. బర్మాలో ఉన్న జపాను సైన్యానికి బియ్యం, మందుగుండు చేరాలంటే ఓడలు సింగపూరు చుట్టూ తిరిగి రావాలి. అదే సంవత్సరం జూనులో మిడ్వే దగ్గర జపాను నౌకాదళం దెబ్బతిన్నది. దారిలో శత్రువుల జలాంతర్గాములు కాచుకుని ఉన్నాయి. అందువల్ల భూమి మీద ఒక దారి కావలసి వచ్చింది. సయాంలోని బాన్ పాంగ్ దగ్గర నుంచి కొండలు, అడవులు దాటి బర్మాలోని థాన్‌బ్యూజయాత్‌కు 415 కిలోమీటర్లు. యుద్ధానికి ముందే తెల్లవారు ఈ దారిని చూసి, కొండలూ వర్షాలూ జ్వరాలూ తలచుకుని వదిలేశారు.

పనిని రెండు రెజిమెంట్లకు అప్పగించారు. బర్మా వైపు నుంచి 5వ రైల్వే రెజిమెంటు, సయాం వైపు నుంచి 9వ రైల్వే రెజిమెంటు. రెండు వైపులా తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలవాలి. ఆరు వందలకు పైగా వంతెనలు కట్టాలి. యంత్రాలు బహు కొద్ది. ఉన్నవల్లా మనుషులు.

ఆ మనుషులు ఎవరు? సింగపూరులోను, జావాలోను పట్టుబడిన యుద్ధఖైదీలు అరవై వేలకు పైగా. వారు ఇంగ్లండు, ఆస్ట్రేలియా, హాలండు దేశాల వారు, కొద్దిమంది అమెరికా వారు. వారికంటే మూడింతలకు పైగా ఆసియా కూలీలు. బర్మా వారు, మలయా తోటల తమిళులు, తెలుగువారు, మలయాళీలు, జావా వారు, మలయులు, చీనీయులు. మొత్తం రెండు లక్షలకు పైగా అని చరిత్రకారుల అంచనా. బర్మాలో గ్రామాల నుంచి పట్టుకువచ్చిన వారికి "చెమట సైన్యం" అని పేరు పెట్టారు. మలయా నుంచి ఒక్కచోటు నుంచే డెబ్బయి అయిదు వేలమంది దాకా వచ్చారంటారు. పేరక్ రాష్ట్రంలో బగాన్ దాతో వంటి చోట్ల కొబ్బరి తోటల నిండా మన కోస్తా జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఉండేవి. యుద్ధంతో రబ్బరు అమ్మకం ఆగి తోటలు మూతబడ్డాయి, బియ్యం దొరకలేదు. ఆ ఆకలి రోజుల్లో మూడు నెలల పని అంటే చాలామంది నమ్మి వెళ్ళారు. నమ్మనివారిని పట్టుకుపోయారు.

కాంచనబురి సమాధులు

బండి కాంచనబురిలో ఆగింది. స్టేషనుకు కొద్ది దూరంలోనే యుద్ధ సమాధుల తోట. పచ్చని గడ్డి, మధ్యలో తెల్లని సిలువ, వరుసలు వరుసలుగా పలకలు. దాదాపు ఏడు వేలమంది అక్కడ ఉన్నారు. ప్రతి పలక మీద పేరు, దళం, చనిపోయిన తేదీ, వయస్సు. ఇరవై రెండు, ఇరవై నాలుగు, ముప్పయి. క్రింద తల్లిదండ్రులో భార్యో వ్రాయించిన ఒక వాక్యం. మేము నెమ్మదిగా చదువుకుంటూ నడిచాము. తోటమాలి ఒకడు పలకల మధ్య కలుపు తీస్తున్నాడు. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా ఎవరి బిడ్డను ఎక్కడ పాతిపెట్టారో ఆ దేశాలు మరచిపోలేదు. మాకు గౌరవమూ కలిగింది, కడుపులో ఏదో కలుక్కుమన్నది కూడా.

ఈ రైలు పనిలో పన్నెండు వేలకు పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. ఆసియా కూలీలు తొంభై వేలకు పైగా చనిపోయారని అంచనా. వారికి అంచనాయే తప్ప లెక్క లేదు. ఖైదీలకు తమ అధికారులు ఉన్నారు, తమ డాక్టర్లు ఉన్నారు, ప్రాణాలకు తెగించి రహస్యంగా పేర్లు వ్రాసి ఉంచినవారు ఉన్నారు. కూలీలకు వ్రాసేవారు ఎవరు?

సమాధుల తోటకు దగ్గరలో వియత్నాం వారి బౌద్ధాలయం ఒకటి ఉంది. దాని ఆవరణలో ఆసియా కూలీల అస్థికలను ఉంచిన స్మారకం ఉంది. 1990లో ఆ పట్టణంలోనే ఒకచోట తవ్వినప్పుడు గుట్టలుగా పడి ఉన్న వందలాది అస్థిపంజరాలు బయటపడ్డాయి. అవి కూలీలవని గుర్తించారు. మేము ఆ స్మారకం ముందు తలవంచి నిలబడ్డాము. వేరే మతస్థుల ఆలయం కదా అనే ఆలోచన ఆ క్షణంలో రాలేదు. దిక్కులేనివారికి చోటు ఇచ్చినవారి పట్ల కృతజ్ఞతే కలిగింది.

వంతెన

అక్కడి నుంచి వంతెన రెండు మూడు కిలోమీటర్లు. 1957లో వచ్చిన ఇంగ్లీషు సినిమా వల్ల ప్రపంచమంతా ఎరిగిన వంతెన ఇది. ఆ సినిమాను సిలోనులో తీశారు. అసలు వంతెన కట్టింది మే క్లాంగ్ నది మీద. సినిమా చూసి యాత్రికులు క్వాయ్ నది ఏదని అడుగుతుంటే, 1960లో ఈ భాగానికే క్వాయ్ యాయ్ అని పేరు మార్చారు.

మొదట కర్ర వంతెన, తర్వాత పక్కనే ఇనుప వంతెన. రెండూ 1943 మొదటి సగంలోనే పూర్తయ్యాయి. 1945లో మిత్రరాజ్యాల విమానాలు బాంబులు వేసి మధ్య కమానులను కూల్చాయి. యుద్ధం తర్వాత వాటి స్థానంలో రెండు పెట్టె ఆకారపు దూలాలు వేశారు. గుండ్రని కమానులు పాతవి, చదునుగా ఉన్నవి కొత్తవి. లైను పక్కనే ఖైదీల శిబిరాలు ఉండడం వల్ల ఆ బాంబులకు కొందరు ఖైదీలు కూడా చనిపోయారు.

వంతెనకు కొద్ది దూరంలో, యాత్రికులు అంతగా వెళ్ళని చోట, ఒక స్మారక స్తంభం ఉంది. దాన్ని కట్టించింది ఆ రైలు వేసిన జపాను సైన్యమే, 1944లో. పనిలో చనిపోయిన వారందరి జ్ఞాపకార్థమట. చుట్టూ పలకల మీద వేర్వేరు భాషలు. వాటిలో తమిళం ఉంది. తెలుగు అక్షరం మాకు కనిపించలేదు. చంపినవారే నిలబెట్టిన ఆ రాయి ముందు ఏమి అనుకోవాలో తెలియక చాలాసేపు నిలబడ్డాము. కొంత భయమా, కొంత పశ్చాత్తాపమా, ఆచారమా? మనుష్యుల హృదయం చూసేవాడు దేవుడొక్కడే.

"స్పీడో"

మరునాడు అదే రైలులో ముందుకు వెళ్ళాము. థామ్ క్రసే దగ్గర కొండ ఒక పక్క, నది ఒక పక్క, మధ్య కర్ర స్తంభాల మీద పట్టాలు. బండి నడిచే మనిషంత మెల్లగా పోతుంది. చక్రాల క్రింద కర్రలు కిర్రుమంటాయి. యాత్రికులంతా కిటికీల్లోంచి ఫోటోలు తీసుకుంటున్నారు. మాలో ఒకరం మాత్రం క్రిందికి చూసి స్తంభాల లెక్క పెట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపేశాము.

నామ్ తోక్‌తో పట్టాలు అయిపోతాయి. యుద్ధం తర్వాత సయాం వైపు లైనును థాయిలాండ్ ప్రభుత్వం 1946లో పన్నెండున్నర లక్షల పౌండ్లకు కొనుక్కుంది. నామ్ తోక్ దాకా ఉంచి, అవతల భాగాన్ని ఊడదీశారు. అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్తే హెల్‌ఫైర్ పాస్ వస్తుంది. నరకాగ్ని కనుమ అని అర్థం. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1998లో అక్కడ ఒక ప్రదర్శనశాలను తెరిచింది. మెట్లు దిగితే, కొండను నిలువునా చీల్చిన దారి. ఇరవై నాలుగైదు మీటర్ల ఎత్తున రాతి గోడలు. డెబ్బయి మీటర్లకు పైగా పొడవు. దీన్ని చేతులతో తవ్వారు.

ఎలాగంటే, ఒకడు ఇనుప కడ్డీ పట్టుకుంటాడు, ఇంకొకడు సమ్మెటతో కొడతాడు. దెబ్బదెబ్బకు కడ్డీని కాస్త తిప్పాలి. అలా రాతిలో రంధ్రం చేసి, మందు కూరి పేల్చి, రాళ్ళను తట్టలతో మోసి పారబోయాలి. రోజుకు ఇంత లోతు అని లెక్క. లెక్క పూర్తికాకపోతే విడుదల లేదు. రాత్రిపూట వెదురు మంటలు, కార్బైడు దీపాలు పెట్టి పని చేయించారు. పైనుంచి చూస్తే ఆ మంటల్లో ఎముకల గూళ్ళ వంటి మనుషులు. అందుకే ఆ పేరు. రాతి గోడలో విరిగి ఇరుక్కుపోయిన కడ్డీ ముక్క నేటికీ ఉంది. దానిమీద చేయి పెట్టి చూశాము.

ఇంత తొందర ఎందుకు వచ్చింది? 1943 చివరికి పూర్తి చేయాలని మొదట అనుకున్నారు. 1943 ఫిబ్రవరిలో గడువును నాలుగు నెలలు ముందుకు జరిపారు. అప్పటి నుంచి కావలివారి నోట ఒకటే కేక, "స్పీడో, స్పీడో". అదే ఏడాది వర్షాలు ముందుగా పట్టుకున్నాయి. దారులు బురదై బియ్యం రాలేదు. మే నెలలో కలరా వచ్చింది. సింగపూరు నుంచి ఏడు వేలమంది ఖైదీలను రైలు దిగాక సుమారు మూడు వందల కిలోమీటర్లు రాత్రిళ్ళు నడిపించి పై శిబిరాలకు తీసుకువెళ్ళారు. వారిలో మూడు వేలకు పైగా ఆ ఏడాదిలోనే చనిపోయారు.

కూలీల శిబిరాల్లో ఇంకా ఘోరం. నీళ్ళు మరిగించుకోమని చెప్పేవారు లేరు. మరుగుదొడ్లు తవ్వించేవారు లేరు. కుటుంబాలతో వచ్చినవారూ ఉన్నారు, పసిబిడ్డలూ ఉన్నారు. కలరా సోకిన పాకల్లో బ్రతికున్నవారిని, చనిపోయినవారిని వేరు చేసేవారు లేకపోయారు. 1943లో యుద్ధఖైదీలలో నుంచి కె, ఎల్ అనే పేర్లతో రెండు వైద్య బృందాలను కూలీల దగ్గరకు పంపారు. మందులు లేని డాక్టర్లు వారు చేయగలిగింది చేశారు.

రోజూ ఉదయం శిబిరాల్లో ఒక తగవు జరిగేది. రైల్వే దళం వారు వచ్చి ఇవాళ ఇంతమంది కావాలి అంటారు. ఖైదీల డాక్టరు ఇంతమంది లేరు, వీరు లేవలేరు అంటాడు. పుండ్ల కాళ్ళతో ఉన్నవారిని కూడా లెక్క నింపడానికి లాక్కుపోయేవారు. ఆస్ట్రేలియా డాక్టరు ఎడ్వర్డ్ డన్‌లప్ రోగులకు అడ్డం నిలబడి దెబ్బలు తిన్నాడు. 1993లో ఆయన కన్నుమూశాక, ఆయన చితాభస్మంలో కొంత ఈ కనుమ దగ్గరకే తెచ్చారు. కాంచనబురిలో బూన్‌పాంగ్ అనే థాయి వర్తకుడు శిబిరాలకు సరుకులు అమ్మే నెపంతో పడవల్లో మందులు, డబ్బు దొంగచాటుగా చేర్చాడు. పట్టుబడితే ప్రాణం పోయేదే.

1943 అక్టోబరు మధ్యలో రెండు వైపుల పట్టాలు కొంకొయిటా దగ్గర కలిశాయి. అక్టోబరు 25న ప్రారంభోత్సవం. ఆనాటి సి 56 రకపు ఆవిరి ఇంజనును తర్వాత జపానుకు తీసుకువెళ్ళి టోక్యోలో ప్రదర్శనకు పెట్టుకున్నారు.

రైలు పనివాడు రైలు పనివాడినే చూసి

ఆ రాతి కటింగులో కూర్చున్నప్పుడు రైల్వేలో పనిచేసిన మాలో ఒకరం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఇది: "పని మాత్రం గట్టిగా చేశారు. వంపు సరిగ్గా ఉంది, వాలు సరిగ్గా ఉంది. అదే నాకు భయంగా ఉంది."

మా గ్యాంగుల్లో కూడా లెక్కలుండేవి. వర్షాకాలంలో కట్ట తెగితే, రాత్రికి రాత్రి బండి నడిపించాలని పైనుంచి ఒత్తిడి ఉండేది. జ్వరంతో ఉన్న గ్యాంగుమన్నును ఒకసారి "రావాలి అంతే" అని పిలిచిన సంగతి ఆయనకు గుర్తుకు వచ్చింది. ఆ గ్యాంగుమన్ను వచ్చాడు, పని అయింది, బ్రతికాడు. ఆ మాట మాత్రం ఈ కనుమలో కూర్చున్నప్పుడు మళ్ళీ వినబడిందట. ఆ రెజిమెంట్ల సర్వేయర్లు, మేస్త్రీలు రాక్షసులుగా పుట్టలేదు. గడువు ఒకటి, లెక్క ఒకటి, పైవాడి ఆజ్ఞ ఒకటి. ఎదురుగా ఉన్నవాడు మనిషి అని మరచిపోవడానికి ఆ మూడూ చాలినాయి. యుద్ధం తర్వాత ఈ రైలు విషయమై 111 మందిపై నేర విచారణ జరిగి, 32 మందికి మరణశిక్ష విధించారు. వారిలో కావలి కాసిన కొరియా యువకులు కూడా ఉన్నారు. వారి దేశం కూడా అప్పుడు జపాను క్రింద బానిసే.

క్షమాపణ కథలు రెండు

ఈ లైను మీద పుట్టిన రెండు కథలు మీతో చెప్పకుండా ముగించలేము.

ఎర్నెస్ట్ గోర్డన్ స్కాట్లండు సైనికాధికారి. చుంగ్‌కాయ్ శిబిరంలో చావు పాకలో పడి ఉన్నప్పుడు ఆయనకు దేవుని మీద నమ్మకం లేదు. తోటి ఖైదీలు ఇద్దరు ఆయన పుండ్లు కడిగి, తమ తిండి పెట్టి బ్రతికించారు. ఆ శిబిరంలోనే ఖైదీలు వెదురు పందిరి క్రింద కూడి బైబిలు చదువుకోవడం మొదలుపెట్టారు. కొంత కాలానికి, గాయపడిన జపాను సైనికులతో నిండిన రైలు ఒకటి పక్క లైనులో ఆగింది. వారి పుండ్లు కుళ్ళి ఉన్నాయి. పలకరించేవారు లేరు. గోర్డన్‌తో ఉన్న ఖైదీలు తమ నీళ్ళు, తమ అన్నం తీసుకువెళ్ళి వారికి ఇచ్చారని, వారి గాయాలు కడిగారని ఆయన తన పుస్తకంలో వ్రాశారు. మంచి సమరయుని ఉపమానం మనం ఆదివారం బడి నుంచి వింటున్నాము. దాన్ని ఈ పట్టాల మీద ఆకలితో ఉన్నవారు చేసి చూపించారు. గోర్డన్ తర్వాత దైవసేవకుడై, అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ దేవాలయంలో చాలా ఏళ్ళు సేవ చేసి 2002లో నిద్రించారు.

రెండోది ఎరిక్ లోమాక్స్ కథ. చిన్ననాటి నుంచి రైళ్ళంటే ప్రాణం. రహస్యంగా రేడియో ఉంచుకున్నారని 1943లో పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. ఆ గదిలో దుబాసీగా కూర్చున్నవాడు తకాషి నగాసే. లోమాక్స్ ఆ గొంతును దశాబ్దాలు మరచిపోలేక పగతో బ్రతికారు. నగాసే కూడా నిద్రపోలేదు. యుద్ధం ముగిసిన వెంటనే మిత్రరాజ్యాల వారితో కలిసి ఈ లైను పొడవునా సమాధులు వెతికాడు. తర్వాత ఎన్నోసార్లు ఇక్కడికి వచ్చి, చనిపోయిన వారి కోసం ఒక శాంతి మందిరం కట్టించాడు. 1993లో ఇద్దరు ముసలివారు ఆ వంతెన దగ్గర కలుసుకున్నారు. నగాసే వణుకుతూ తలవంచాడు. లోమాక్స్ ఆ తర్వాత జపాను వెళ్ళి, క్షమించానని స్వయంగా కాగితం మీద వ్రాసి చదివి ఇచ్చారు. నగాసే 2011లో, లోమాక్స్ 2012లో మరణించారు.

ఈ కథలు మాకు ఆదరణనిచ్చాయి. అయినా నిజం చెప్పాలి. ఆ రాత్రి బసలో మేము ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఒకరం అడిగాము: "లోమాక్స్‌ను క్షమాపణ అడగడానికి ఒకడు వచ్చాడు. మన పెదతాతను అడగడానికి ఎవరు వచ్చారు? ఆయన పేరు తెలిస్తే కదా!" దానికి మా దగ్గర జవాబు లేదు. పేరు తెలియనివారి పేర్లు కూడా దేవుని దగ్గర ఉన్నాయని నమ్మి పడుకున్నాము.

తిరిగి వచ్చాక

వచ్చేటప్పుడు మా అల్లుడు, పట్టాల మధ్య నుంచి ఒక కంకర రాయి జ్ఞాపకంగా తీసుకుందామా అన్నాడు. వద్దన్నాము. కట్ట మీది రాయి కట్ట మీదే ఉండాలి. దాని మీద బండి నడుస్తోంది. ఉదయం మాకు అరటిపండ్లు ఇచ్చిన అమ్మవంటివారు దాని మీదే సంతకు పోతున్నారు.

మొన్న సమాధుల పండుగకు మా మనుమలతో పల్లెకు వెళ్ళాము. ఆ గోడ పక్కన ఒక చిన్న పలక నిలిపాము. మా పెదతాతగారి పేరు, పుట్టిన ఊరు, మలయాకు వెళ్ళిన సంవత్సరం వ్రాయించాము. చనిపోయిన తేదీ చోట ఖాళీ ఉంచి, క్రింద "సయాం బర్మా రైలు మార్గం" అని చెక్కించాము. మనుమడు కొవ్వొత్తి వెలిగించాడు.

ప్రియ పాఠకులారా, మీలో ఎందరి ఇళ్ళల్లోనో "మలయా పోయిన మామయ్య," "రంగం పోయిన తాత" అని ఒక్క మాటగా మిగిలినవారు ఉంటారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెల్లో తప్పక ఉంటారు. ఇంట్లో పెద్దవారు ఉన్నప్పుడే కూర్చోబెట్టి అడగండి. ఏ పేరుతో వెళ్ళారు, ఏ ఊరి నుంచి, ఏ తోటకు, చివరి ఉత్తరం ఎప్పుడు. కుటుంబ బైబిలు మొదటి పుటలో పుట్టిన, పెండ్లయిన తేదీలు వ్రాసుకునే చోట వారి పేరు కూడా వ్రాయండి. తెల్లని పలకలున్న ఆ తోటలో మన వారికి చోటు దొరకలేదు. మన ఇళ్ళలో, మన ప్రార్థనలో దొరకాలి.